బండి కిస్తు పిల్ల కడుపు నింపదు

“బండి కిస్తులు నువ్వు కట్టు, పిల్ల ఖర్చు దాంట్లనే సరి.”

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం దిక్కు ఆలుమగలు విడిపోయేటప్పుడు జరిగే పంచాయితీల్ల ఈ తీర్పు నేను మస్తుసార్లు విన్న. పెద్దమనుషులు చెప్తరు, రెండు దిక్కులోళ్లు తల ఊపుతరు, చాయ్ తాగి లేస్తరు. కోర్టు లేదు, వకీలు ఫీజు లేదు, ఒక్క పూటల తెగిందని సంబురపడ్తరు. తెగింది ఆలుమగల లొల్లి మాత్రమే. పిల్ల ముచ్చట ఎవ్వరూ తెంపలే.

ఈ తీర్పు ఊకనే పుట్టలే. మన బెల్టుల సంసారం అంటే ఏముంటది? ఒక కిరాయి అర్ర, గ్యాసు పొయ్యి, ఒక బండి. భూమి ఏమన్న ఉంటె నారాయణఖేడ్ దిక్కో, జహీరాబాద్ దిక్కో ఉంటది. అదిగూడ తండ్రి పేరు మీదనే. పర్మనెంటోళ్లను తీసుకపోను కంపెనీ బస్సు వస్తది. కాంట్రాక్టోళ్లు మాత్రం నైట్ షిఫ్టు దిగినంక ఎవల బండి మీద వాళ్లు రావాలె. బండి లేకుంటె డ్యూటీ లేదు. అందుకే ఇంట్ల అన్నిటికన్న విలువైన సామాను బండే, అన్నిటికన్న పెద్ద అప్పు గూడ బండిదే. పంచుకునేటందుకు ఇంకేం లేకపాయె, పెద్దమనుషులు దాన్నే పంచుతున్నరు.

ఈ ఒప్పందాలు మూడు తీర్లుగ ఉంటున్నయి. ఒకటి: స్కూటీ, లోను రెండూ ఆమె పేరు మీదనే, కిస్తు మాత్రం ఆయన కట్టాలె. రెండు: లోను ఆయన పేరు మీద, బండి ఆమె దగ్గర. మూడు: ఆటో ఆయన నడుపుకుంటడు, లోను, ఆర్‌సీ ఆమె పేరు మీద ఉంటయి, కిస్తు తప్పకుండ కడుతున్నన్ని రోజులు పిల్ల ఖర్చు అడగొద్దు. మూడింటికీ సాక్షులు ఉంటరు, ఒక్కోసారి వంద రూపాయల స్టాంపు కాయిదం గూడ ఉంటది. ఫైనాన్సోళ్లు మాత్రం ఈ కాయిదాన్ని లెక్కచెయ్యరు. వాళ్ల అగ్రిమెంటు మీద ఎవల సంతకం ఉంటె వాళ్లే బాకీదారు. రెండు మూడు కిస్తులు ఆగినంక ఫోను వచ్చేది పంచాయితీల మాటిచ్చిన మనిషికి గాదు, సంతకం పెట్టిన మనిషికి. బండి గుంజుకపోతరు, సిబిల్ ఖరాబైతది. బండి పోతె ఆమెకు డ్యూటీ పోతది. డ్యూటీ పోతె పిల్ల బడి ఫీజు ఆగుతది. ఒక్క కిస్తు ఆగుడుతోని ఎన్ని ఆగుతున్నయో చూడుండ్రి.

మూడో తీరు ఇంకా ప్రమాదం. ఆటో ఎవలినన్న తాకితె నష్టపరిహారం ఎవలు కట్టాలె? అమ్మినా, చేతులు మారినా, ఆర్‌సీల పేరున్నోళ్లే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018ల నవీన్ కుమార్ కేసుల తేల్చి చెప్పింది. ఇన్సూరెన్స్ కట్టకుంటె ఆ బరువంత ఆమె నెత్తిన పడుతది. మొగడు పోయిండు గని, ఆయన ఆటో పూచీ మిగిలింది.

ఇప్పుడు లెక్క చేద్దాం. నెలకు 3,500 కిస్తు, ఇంకా 30 నెలలు ఉంది అనుకో. మొత్తం 1,05,000. పంచాయితీల ఇది పెద్ద మొత్తంలెక్క వినపడుతది. పిల్లకు నాలుగేండ్లు. పద్దెనిమిది నిండేదాక 14 ఏండ్లు, అంటే 168 నెలలు. ఆ లక్షా ఐదువేలను 168 నెలలకు పంచితె నెలకు 625 రూపాయలు వస్తయి. ఒకప్పుడు చట్టంలనే భరణం నెలకు 500 దాటొద్దని ఉండె. అది మరీ అన్యాయమని 2001ల ఆ పరిమితి తీసేసిండ్రు. చట్టం రెండు దశాబ్దాల కింద వదిలేసిన లెక్కను మన పంచాయితీలు బండి పేరు మీద మళ్ల తెస్తున్నయి.

అసలు తప్పు ఇక్కడుంది. బండి ఏడాదేడాదికి పాతదైతది, దాని విలువ తగ్గుతది. పిల్ల ఏడాదేడాదికి పెరుగుతది, ఖర్చు పెరుగుతది. కిందికి పోయేదాన్ని మీదికి పోయేదానికి బదులు పెట్టి “సరికి సరి” అంటున్నం. పైంగ కిస్తు పైసలు పోయేది ఫైనాన్స్ కంపెనీకి. పాలప్యాకెట్టుకు ఒక్క రూపాయి రాదు.

చట్టం ఏమంటది? ఇదివరకు సీఆర్‌పీసీ 125 సెక్షన్ అని అందరికీ తెలిసిందే, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితల 144 సెక్షన్ అయింది. పేరు మారింది గని పని అదే. తనంతట తాను బతుకలేని భార్యకు, పిల్లలకు భరణం ఇయ్యాలె. తల్లిదండ్రుల పెండ్లి చెల్లకున్నా పిల్లకు ఆ హక్కు ఉంటది. మతం అడ్డం రాదు. మన తెలంగాణ నుంచి పోయిన కేసుల్నే, మహ్మద్ అబ్దుల్ సమద్ కేసుల, విడాకులైన ముస్లిం మహిళ గూడ ఈ సెక్షన్ కింద భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు 2024 జూలై 10న చెప్పింది.

“కాయిదం మీద సంతకం పెట్టింది గద, ఇగ అడగరాదు” అంటరు. కర్ణాటక కేసు ఒకటి వినుండ్రి. నాగేంద్రప్ప నాటికర్ కేసుల భార్య 8,000 రూపాయలు ఒక్కసారి తీసుకొని ఇక ముందు భరణం అడగనని కోర్టులనే రాజీపడ్డది. ఆ తర్వాత వేరే చట్టం కింద మళ్ల అడిగింది. హక్కును వదులుకున్నట్టు రాసుకున్న ఆ రాజీ, ఆమె దావాకు అడ్డం గాదని సుప్రీంకోర్టు 2013ల తీర్పిచ్చింది. భార్య స్వయంగ పెట్టిన సంతకానికే గంతటి విలువ. మరి పిల్ల హక్కును తల్లి ఎట్ల రాసిస్తది? పిల్ల సంతకం పెట్టలే గద.

ఇంకో ముచ్చట యాదికుంచుకోవాలె. భరణం దరఖాస్తు పెట్టిన తారీఖు నుంచి లెక్క పడుతదని 2020 నవంబర్‌ల రజనీష్, నేహ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అంటే “వచ్చే నెల కడుత” అన్న నోటి మాట నమ్మి ఎదురుచూసిన నెలలు లెక్కల్నే లేవు. ఆర్డరు వచ్చినంక గూడ, బాకీ పడిన ఏడాది లోపల వసూలుకు దరఖాస్తు పెట్టకుంటె ఆ బాకీకి వారెంటు పుట్టదు. చక్కదనం కోసం ఊకున్నోళ్లే నష్టపోతున్నరు.

ఇదంత ఆడోళ్ల దిక్కు మాట్లాడుడు అనుకునే తమ్ముళ్లకు: ఈ నోటి ఒప్పందంల నువ్వు గూడ మునుగుతవు. రెండేండ్లు కడుపు మాడ్చుకొని కిస్తు కట్టినవు. రేపు కేసైతె ఆ పైసలు పిల్ల కోసమే కట్టినవని ఏం చూపిస్తవు? ఫైనాన్స్ రసీదుల పిల్ల పేరు ఉండదు. సొంతంగ చేసుకున్న అప్పుల కిస్తులు చూపించి భరణం తగ్గియ్యమంటె కోర్టులు మామూలుగ ఒప్పుకోవు. కంపెనీ తీసేసింది, పని లేదు అంటవు. ఒంట్ల సత్తువ ఉన్న మొగోడు కూలి చేసన్న పోషించాలె అని 2022ల అంజు గర్గ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. జైలుకు పోతె బాకీ తీరుతదని కొందరి భ్రమ. తీరదు, బాకీ బాకీగనే ఉంటది. నిజంగ జీతం తగ్గితె దారి ఉంది: భరణం మార్చమని 146 సెక్షన్ కింద అడగొచ్చు. ఆ దారి ఆర్డరు ఉన్నోళ్లకే ఉంటది, నోటి మాటకు ఉండదు.

మరి బండి ఖర్చును పిల్ల ఖర్చుల అస్సలే కలపొద్దా? ఆస్ట్రేలియాల దీనికి ఒక లెక్క పెట్టిండ్రు. అక్కడ పిల్లల భరణం సర్కారు సంస్థ చూస్తది. పిల్ల ఎక్కువగ తల్లి దగ్గర ఉంటె, తండ్రి ఆమె కారు ఖర్చు కట్టినా కొంత భరణం కింద లెక్కేస్తరు. అయితె నెల నెల బాకీల 30 శాతం వరకే. మిగిలిన 70 శాతం పైసల్లనే కట్టాలె. అంటే బండి అవసరాన్ని ఒప్పుకున్నరు గని, పిల్ల పళ్లెం మీద దాన్ని కూసోబెట్టలే. మన పంచాయితీలు కూడ గింత ఇగురం నేర్చుకోవాలె.

పెద్దమనుషులను తప్పుబట్టి ఊకుంటె పని కాదు. కోర్టుకు పోతె వాయిదాకొక డ్యూటీ పోతదని జనం భయం, అది నిజమే. మధ్యంతర భరణం నోటీసు అందినంక 60 రోజుల్ల వీలైనంత వరకు తేల్చాలని చట్టంల ఉంది, అది ఎంత అమలైతదో కోర్టు మెట్లెక్కినోళ్లకు ఎరుకే. అందుకే పంచాయితీ జరగనియ్యుండ్రి, గని రెండు పనులు వేరుగ చెయ్యుండ్రి.

బండి పంచాయితీ బండిదే. బండి ఎవల దగ్గర ఉంటదో ఆర్‌సీ, ఇన్సూరెన్స్ వాళ్ల పేరుకు మారాలె. లోను ఉంటె ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోవాలె, 29, 30 ఫారాలు ఆర్టీఏ ఆఫీసుల పెట్టాలె. కంపెనీ ఒప్పుకోకుంటె బండి అమ్మి అప్పు తెంపుడు మేలు. కిస్తు ఆగితె రౌడీలను పంపి బండి గుంజుకునే హక్కు బ్యాంకులకు లేదని 2007లనే సుప్రీంకోర్టు చెప్పింది, పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 దాటినంక వసూలు ఫోన్లు చెయ్యొద్దని రిజర్వు బ్యాంకు 2022ల చెప్పింది. ఎవలన్న బెదిరిస్తె ఈ ముచ్చట అడుగుండ్రి.

పిల్ల ఖర్చు పిల్లదే. నెలకు ఇంత, ఫలానా తారీఖు, ఫలానా ఖాతాల, ఏడాదికి ఇంత పెరగాలె అని రాయుండ్రి. చేతికియ్యకుండ ఫోన్ల నుంచే పంపితె ఇద్దరికీ సబూతు ఉంటది. ఆ రాజీని తీసుకొని సంగారెడ్డి కోర్టుల జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవుండ్రి. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌ల పెట్టొచ్చు. అక్కడ వచ్చే అవార్డు కోర్టు డిక్రీతోని సమానం, కోర్టు ఫీజు లేదు. ఆడోళ్లకు, పిల్లలకు వకీలు ఉచితం, ఎంత ఆమ్దానీ ఉన్నా. ఫ్యాక్టరీ కార్మికులకు గూడ ఆ చట్టంల చోటుంది. ఫోను నంబరు 15100.

చదువుకున్న పోరగాళ్లు, పోరిలు మీరే. పంచాయితీల కాయిదం రాయమని పెద్దమనుషులు పిలిచేది మిమ్ములనే, సాక్షి సంతకం పెట్టుమనేది మిమ్ములనే. “పిల్ల ఖర్చు కిస్తుల సరి” అని ఎవలన్న చెప్తె, ఆ లైను రాసేముందు పెన్ను ఆపి అడుగుండ్రి: కిస్తులు అయిపోయినంక పిల్లకు ఎంత? జవాబు రాలేదంటె ఆ కాయిదం ఇంకా పూర్తికాలేదని అర్థం.