పాత ఇల్లు కూల్చే ముందు

బుద్వేల్ రైల్వేస్టేషను చుట్టుప్రక్కల బస్తీలలో పాత ఇళ్ళు కూలుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉన్నది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండిఏ ఇక్కడి భూములను వేలం వేసినప్పుడు ఎకరం ధర 30 కోట్లు దాటింది. 2024 మార్చిలో కొత్త హైకోర్టు భవనాలకు రాజేంద్రనగర్ వద్ద శంకుస్థాపన జరిగింది. నేల విలువ ఇలా పెరిగిన చోట రేకుల ఇల్లు, గర్డర్లపై షాబాద్ బండలు పరచిన ఇల్లు ఎంతోకాలం నిలవవు. తండ్రి కట్టిన రెండు గదులు మూడు కుటుంబాలకు సరిపోనప్పుడు వాటిని కూల్చి తిరిగి కట్టుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే మేము గమనిస్తున్న విషయమొకటి ఉన్నది. కట్టే మేస్త్రీ కోసం నెలల తరబడి విచారించేవారు, కూల్చే కాంట్రాక్టరును మాత్రం ఒక్క సాయంత్రంలో కుదుర్చుకుంటున్నారు. “మీరు పైసా ఇవ్వనక్కరలేదు, పాత సామానంతా నాది” అన్నవాడే మంచివాడుగా కనిపిస్తాడు. కాగితం లేదు, లెక్క లేదు. పని మొదలయ్యాక టేకు తలుపులు ఎవరివి, స్లాబులోని ఇనుము ఎవరిది, మట్టి ఎత్తేది ఎవరు అనే గొడవ వీధిలోకి వస్తుంది.

మా మదరసాలలో బోధించే ‘హిదాయా’ గ్రంథంలో, చెల్లని అమ్మకాల ప్రకరణంలో, పైకప్పులో ఉన్న దూలాన్ని అమ్మడం గురించి ఒక మస్అలా ఉన్నది. దూలం ఇంకా కప్పులోనే ఉండగా దానిని అమ్మితే ఆ అమ్మకం సరైనది కాదు. ఎందుకంటే అమ్మినవాడు తనకు నష్టం కలగకుండా దానిని అప్పగించలేడు. ఇల్లే కూల్చుతున్నపుడు ఆ నష్టమనే కారణం తొలగిపోతుందని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని స్లాబు లోపల ఎంత ఇనుమున్నదో, ఎంత తుప్పు పట్టిందో ఎవరికీ తెలియదు. తెలియని వస్తువును తెలియని ధరకు ముడిపెట్టడమే గరర్. పైగా కూల్చగా వచ్చే సామానునే కూలిగా ఇవ్వడం, పిండి విసిరేవానికి ఆ పిండిలోనుంచే కూలి ఇవ్వడం వంటిది. హనఫీ ధర్మవేత్తలు దీనిని చెల్లదన్నారు. హంబలీలలో అనుమతించినవారూ ఉన్నారు. అభిప్రాయభేదం ఉన్న చోట తగాదాకు తావివ్వని దారి పట్టడం మేలు.

ఆ దారి కష్టమైనదేమీ కాదు. కూల్చడానికి, మట్టి ఎత్తడానికి కూలి ఇంత అని రూపాయలలో నిర్ణయించండి. కంటికి కనబడే తలుపులు, కిటికీలు, గర్డర్లు, బండలు లెక్కించి, ఒక్కొక్కదానికి వెల కట్టి విడిగా అమ్మండి. దాగి ఉన్న ఇనుమును బయటికి తీసిన తరువాత తూకం వేసి అమ్మండి. కాంట్రాక్టరే కొన్నా సరే, పాత సామాను దుకాణంవారు కొన్నా సరే. చివరకు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్క తేలుతుంది. ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిచి ఇదే పద్ధతిలో ధర చెప్పమనండి; “పైసా వద్దు” అన్నవాడు నిజానికి ఎంత తీసుకుపోతున్నాడో అప్పుడు గాని అర్థం కాదు.

ఇంతకూ ఆ తలుపులు అమ్మే హక్కు ఎవరిది? ఇల్లు మరణించిన తండ్రి పేరున ఉండి, పంపకం జరగకపోతే, ప్రతి ఇటుకలోనూ అక్కచెల్లెళ్ళకు భాగమున్నది. తల్లి జీవించి ఉంటే ఆమెకూ ఉన్నది. ఆస్తి చిన్నదైనా పెద్దదైనా స్త్రీలకు వాటా నిర్ణీతమేనని అన్నిసా సూరా 7వ ఆయతు తేల్చి చెప్పింది. “పెళ్ళిళ్ళు చేశాం కదా” అని అన్నదమ్ములు జేసీబీని పిలవడం మేము చాలాచోట్ల చూశాము. ఇల్లు నేలమట్టమయ్యాక వాటా అడిగే చెల్లెలికి చూపడానికి గోడ కూడా మిగలదు.

దైవప్రవక్త (స)కు 35 ఏళ్ళ వయసులో ఖురైషీలు కాబాను కూల్చి తిరిగి కట్టారు. కూల్చడానికి వారు వణికిపోయారు. వలీద్ బిన్ ముగీరా మొదటి దెబ్బ వేస్తే, అతనికేమైనా కీడు జరుగుతుందేమోనని తక్కినవారు ఆ రాత్రంతా వేచి చూశారు. అప్పటికి ఇస్లాం రాలేదు; అయినా వడ్డీ సొమ్ము, దౌర్జన్యంగా తీసుకున్న సొమ్ము ఈ పనిలో కలపరాదని నియమం పెట్టుకున్నారు. ఆ శుద్ధమైన సొమ్ము చాలకపోయేసరికి కట్టడాన్నే తగ్గించుకున్నారు. హతీమ్ భాగం ఈనాటికీ గోడల వెలుపల ఉండడానికి కారణమదే.

ఇక పొరుగువారి మాట. పాత బస్తీలలో ఇళ్ళు ఒకదాని గోడకు ఒకటి ఆనుకొని ఉంటాయి. పొరుగువాడు మన గోడలో దూలం పెట్టుకుంటానంటే అడ్డు చెప్పవద్దని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లింలలో ఉన్నది. అటువంటి దూలం ఉన్న గోడను యంత్రంతో ఒక్కసారిగా లాగితే ఏమవుతుంది? కూల్చాక పునాది తవ్వేటప్పుడూ ఇదే ప్రమాదం. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో పక్క స్థలంలో తవ్విన గుంతల వల్ల అంతస్తుల భవనమొకటి ఒరిగిపోయి, అందులోనివారు బయటికి పరుగులు తీశారు. ఆ భవనాన్ని అధికారులు కూల్చివేయవలసి వచ్చింది. కనుక ఆనుకొని ఉన్న గోడ దగ్గర జేసీబీ వద్దు, సుత్తి ఉలులతో మనుషులే విడదీయాలని ముందే షరతు పెట్టండి. పొరుగువారిని పిలిచి, వారి గోడలో ఇప్పటికే ఉన్న పగుళ్ళను వారి ఎదుటే ఫోటో తీయండి. కొత్త పగులు వస్తే బాగుచేయించే బాధ్యత ఎవరిదో వ్రాసుకోండి.

కూలీల ప్రాణాలు కాంట్రాక్టరు పూచీ అని ఇంటివారు చేతులు దులుపుకోవడం మాకు సమ్మతం కాదు. కరెంటు సర్వీసు తీగ, మీటరు విద్యుత్ సిబ్బంది చేత తీయించిన తరువాతనే మొదటి దెబ్బ పడాలి. పైనుండి క్రిందికి, అంతస్తు తరువాత అంతస్తుగా కూల్చాలి. కూల్చివేత భద్రతకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 4130 అనే నియమావళినే ఇచ్చింది. త్వరగా పడిపోతుందని గోడ అడుగు తొలిచేవాడు ఎంత చౌకగా వచ్చినా అతనిని పెట్టుకోకండి. తలకు హెల్మెట్ లేని మనిషిని స్లాబు మీదికి పంపవద్దని ఇంటివారే చెప్పాలి.

మట్టిని రాత్రివేళ చెరువు గట్టున పోసి వచ్చే ట్రాక్టర్లున్నాయి. దారిలోని అడ్డును తొలగించడం ఈమాన్‌లో భాగమని పిల్లలకు నేర్పేవారి ఇంటి శిథిలాలు ఇతరుల దారికి అడ్డు కావడం ఎంత విడ్డూరం! శిథిలాలను రోడ్డుపైన, కాలువలలో పోయరాదని 2016లోనే కేంద్ర నిబంధనలు చెప్పాయి. నగరంలో జీడిమెట్ల, ఫతుల్లగూడలలో వీటిని తిరిగి ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలున్నాయి. మట్టి ఎక్కడికి పోతుందో కాంట్రాక్టరును అడగండి, రశీదు కోరండి.

అప్పు లావాదేవీలను వ్రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని ఆదేశించే అల్‌బఖరా 282వ ఆయతు ఖుర్ఆన్‌లో అన్నింటికంటె పెద్దది. ఈ ఒప్పందం కూడా ఒక తెల్లకాగితంపై ఇద్దరు సాక్షులతో వ్రాయండి: కూలి ఎంత, సామాను జాబితా ఏది, ఎన్ని రోజుల పని, పొరుగు గోడ పూచీ ఎవరిది, మట్టి ఎక్కడికి. సొమ్ము వాయిదాలుగా ఇవ్వండి. దినకూలీలకు మాత్రం ఏ పూట చెమట ఆ పూటే ఆరకముందే కూలి అందుతున్నదో లేదో సాయంత్రం స్వయంగా విచారించండి. కాంట్రాక్టరు చివరి వాయిదాను, ఒప్పందంలో ముందే వ్రాసుకున్న ప్రకారం, ఆఖరి ట్రాక్టరు వెళ్ళి, స్థలం ఊడ్చి, పొరుగువారు తమ గోడ చూసుకొని సరేనన్న రోజున చెల్లించండి.