సముద్రం దాటిన కూలి

మన ఊళ్లో కూలి అంటే ముందు డబ్బు, తర్వాతే మనిషి. ‘ఈ రేటుకు కూలి గిట్టదు’ అంటాం, ‘కూలీనాలీ చేసుకుని బతుకుతున్నాం’ అంటాం. అందులో కష్టం ఉంది గానీ తిట్టు లేదు. 1991లో వెంకటేశ్ సినిమాకు ‘కూలీ నెం.1’ అని పేరు పెడితే ఎవరూ నొచ్చుకోలేదు.

దక్షిణాఫ్రికాలో ఇదే మాట అంటే గొడవే. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ దర్బన్ చేరింది. చెరకు తోటలకు దిగిన తమిళులు, తెలుగువాళ్ల వెనకే ఈ పేరూ దిగింది. తర్వాత తెల్లవాళ్లు దాన్ని వ్యాపారి, వకీలు అని చూడకుండా భారతీయులందరికీ అంటించారు. గాంధీ ‘కూలీ బారిస్టర్’ అయ్యారు! వాళ్ల రెండో పిలుపు ‘సామీ’. తమిళ పేర్ల చివర వినబడే ‘స్వామి’ని పట్టుకుని హేళన చేశారన్నమాట. తెలియక యజమాని అని పిలిచారు పాపం.

‘కూలీ’ అనే మాట పుట్టుక మీద పండితులకు పేచీ ఉంది. కొందరు తమిళ ‘కూలి’ అంటారు, కొందరు గుజరాత్ కోలీ కులం వైపు చూపిస్తారు. నా మొగ్గు మొదటివైపే, మన మాట కూడా ‘కూలి’యే కదా. చైనీయులు మాత్రం ఈ శబ్దాన్ని రెండు అక్షరాల్లో రాసుకున్నారు: చేదు, బలం. ఇంత సరిగ్గా కుదిరిన లిప్యంతరీకరణ నేను ఇంకోటి చూడలేదు.

మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లీ ఈ తిట్టునే ఎత్తుకుని ‘కూలిట్యూడ్’ అనే సాహిత్య భావన చేశారు. ఈ సంచికలో ముఖ్య వ్యాసం దాని మీదే.