కొసరు లేని బేరం

మొన్న ఆదివారం మా ఆవిడతో ఓరియన్ మాల్‌కు వెళ్ళాను. మల్లేశ్వరం పక్కన ఒకప్పుడు కిర్లోస్కర్ కర్మాగారం ఉన్న 40 ఎకరాల్లో ఇళ్ళు, ఆఫీసులు, హోటలు, ఆసుపత్రి కట్టి, 2012లో ఈ మాల్ తెరిచారు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కరివేపాకు కొసరు వేసేవారేరండీ?" అంది ఆవిడ.

బ్యాంకు బుర్ర కదా, నాకు అద్దె లెక్క తోచింది. మాల్‌లో అద్దె చదరపు అడుగుకింత అని. బియ్యం, పప్పుల మీద మిగిలేది నూటికి కొద్ది రూపాయలే. జనాన్ని రప్పిస్తుందని పెద్ద దుకాణానికి అద్దె తగ్గిస్తారు. చిన్న కొట్టుకు ఆ రాయితీ ఎవరిస్తారు?

ఇప్పుడు మా వీధిలోనూ పాత భవనం పడగొట్టి కింద దుకాణాలు, పైన ఇళ్ళు కడుతున్నారు. అందులో మా శెట్టిగారి కిరాణా కొట్టు పోయింది. కొత్త అద్దె తనవల్ల కాదన్నారాయన. నా ఉద్యోగంలో హామీ లేనిదే ఎవరికీ అప్పివ్వలేదు నేను. బదిలీ మీద ఈ ఊరొచ్చిన కొత్తలో ఆయన మాత్రం నా మొహం చూసి నెల సరుకులు అరువిచ్చారు.

కట్టేవారు కింది అంతస్తులో ఒక్క చిన్న కొట్టుకైనా అందుబాటు అద్దె పెడితే నష్టపోరు. పైన ఉండబోయేవారికి రోజూ పాలు, ఉప్పు కావాలి కదా! మీరేమంటారు?