వంటిల్లు ఉంది, పాటిల్లు ఏదీ?

మన ఇళ్ళల్లో గదుల పేర్లు ఎప్పుడైనా గమనించారా? వంట చేసేది వంటిల్లు. పడుకునేది పడకగది. సామాన్లు పడేసేది కొట్టుగది. బాలింతను ఉంచేది పురిటిగది. ఏ గదిలో ఏ పని జరిగితే ఆ పని పేరే గదికి పెట్టేశారు మన పెద్దవాళ్ళు. మరి ఇంట్లో కూర్చుని పాట పాడి, దాన్ని రికార్డు చేసుకునే చోటుని ఏమని పిలవాలి?

"అదీ ఒక సమస్యేనా?" అని తీసిపారెయ్యకండి. ఈమధ్య ఎంతోమంది గృహిణులు ఈ పని చేస్తున్నారు. చేతిలో సెల్‌ఫోన్ ఉంది, గొంతులో పాట ఉంది. అత్తగారి దగ్గర నేర్చుకున్న మంగళహారతో, అమ్మమ్మ పాడిన అప్పగింతల పాటో పాడుకుని దాచుకుంటున్నారు. చోటు మాత్రం దొంగతనంగా వెతుక్కుంటున్నారు! ఒకరోజు బీరువా పక్కన, ఇంకోరోజు బాల్కనీలో. ఆదివారం నాడు పాట సగంలో ఉండగా తలుపు తోసుకుని "అమ్మా, నా బనీను ఎక్కడ?" అని పుత్రరత్నం కేకేస్తాడు. అదే పుత్రరత్నం, మీరు దేవుడి గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంటే నోరెత్తకుండా వెనక్కి వెళ్ళిపోతాడు. అవునా, కాదా?

నిజానికి దేవుడికంటూ విడిగా గది ఎంతమందికి ఉందండీ? చాలా ఫ్లాట్లలో వంటింటి గోడకి ఒక అర, అంతే. అయినా దాన్ని "దేవుడి గది" అనే అంటాం. అక్కడ ఎవరూ ఉతికిన బట్టలు కుప్పెయ్యరు, చెప్పులతో వెళ్ళరు. మూరెడు చోటుకి అంత మర్యాద వచ్చిందంటే సగం ఆ పేరు చలవే. పేరుంటే హద్దు ఉంటుంది. హద్దు ఉంటే ఆ పనికి విలువ ఉంటుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఏ పేరు బాగుంటుంది?

హోమ్ స్టూడియో అనొచ్చు, తప్పులేదు. స్టూడియో అన్నది ఇటాలియన్ మాట. దాని మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ ఆ మాటకి శ్రద్ధ, అధ్యయనం అని అర్థం. అంటే అద్దాల గదులూ, లక్షల సామానూ లేకపోయినా, శ్రద్ధ ఉంటే అది స్టూడియోయే. కానీ మనవాళ్ళ చెవికి స్టూడియో అంటే పెళ్ళి ఫోటోలు తీసేదో, సినిమాలు తీసేదో. "మా ఆవిడ స్టూడియో పెట్టిందండోయ్" అని ఇంటికొచ్చిన వాళ్ళ ముందు వేళాకోళం మొదలవుతుంది.

సంగీతం చేసేవాళ్ళు బెడ్‌రూమ్ స్టూడియో అని కూడా అంటారు. అదేదో చిన్నతనం అనుకోకండి. అమెరికా గాయని బిల్లీ ఐలిష్ 2019లో తెచ్చిన ఆల్బమ్‌లో ఎక్కువ భాగం, లాస్ ఏంజెలెస్‌లో అమ్మానాన్నల ఇంట్లో, వాళ్ళన్నయ్య పడకగదిలో తయారైంది. దానికే 2020లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు వచ్చింది. మన ఎ.ఆర్. రెహమాన్ చెన్నైలో ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నారు. 1992లో వచ్చిన 'రోజా' పాటలు అక్కడ రూపుదిద్దుకున్నవే. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'పంచతన్ రికార్డ్ ఇన్'. ఇన్ అంటే బస, సత్రం. పాట వచ్చి విడిది చేసే చోటన్నమాట! ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

గానమందిరం, సంగీత కుటీరం అంటే మరీ బోర్డు కట్టాల్సొస్తుంది. "అమ్మ మూల" అంటే, మూల పడేసినట్టే ఉంటుంది. నాకైతే "పాటిల్లు" నచ్చింది. వంట, ఇల్లు కలిసి వంటిల్లు అయితే, పాట, ఇల్లు కలిసి పాటిల్లు కాదా? వంటిల్లు ఒక్క గదే, అయినా దాన్ని ఇల్లనే అన్నారు. అలాంటప్పుడు మీ అలమరా పక్క నాలుగడుగుల చోటు పాటిల్లు ఎందుకు కాకూడదు? మీకు వేరే పేరు నచ్చితే అదే పెట్టుకోండి. కానీ ఏదో ఒకటి పెట్టండి, ఇంటిల్లిపాదీ ఆ పేరుతోనే పిలిచేలా చూడండి.

పాటిల్లు అమర్చుకోండిలా

ముందు గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. ఖంగుమని మోగితే ఆ గదిలో మీ పాటా అలాగే మోగుతుంది. నున్నటి గోడలూ, గచ్చూ శబ్దాన్ని వెనక్కి కొడతాయి. మెత్తటి బట్టలు దాన్ని కొంత పీల్చుకుంటాయి. అందుకే చీరలు నిండిన బీరువా తలుపులు బార్లా తెరిచి, దానికి ఎదురుగా కూర్చుని పాడండి. వెనక కుర్చీల మీద రెండు బొంతలు వేలాడదియ్యండి. కింద దుప్పటి పరవండి. పైసా ఖర్చు లేదు.

గోడలకి గుడ్ల అట్టలు అంటిస్తే బయటి గోల వినపడదని కొందరు చెబుతారు. నమ్మకండి. వాటికి వీధి చప్పుడు ఆగదు, నిప్పంటుకుంటే మాత్రం భగ్గుమంటాయి. బొంతలు కూడా గదిలో మోతని తగ్గిస్తాయే గానీ హారన్లని ఆపలేవు. దానికి మందు ఒక్కటే, వేళ చూసుకోవడం. తెల్లవారుజామునో, మధ్యాహ్నం కుక్కర్లన్నీ చల్లబడ్డాకో కూర్చోండి. తలుపు కింద సందులో పాత తువ్వాలు చుట్టి పెట్టండి.

పాడేసేపు ఫ్యాను ఆపెయ్యండి. పాటకీ పాటకీ మధ్య లేచి గాలి పీల్చుకోండి. ఫ్రిజ్ రొద వినపడి దాన్ని ఆపాల్సొస్తే, ఇంటి తాళంచెవి ఫ్రిజ్‌లోనే పెట్టండి. బయటికి వెళ్ళేటప్పుడు తాళంచెవికోసం ఎలాగూ తెరుస్తారు, స్విచ్ వెయ్యడం గుర్తొస్తుంది. పాలు విరక్కుండా ఉంటాయి!

ఫోన్‌ని ఫ్లయిట్ మోడ్‌లో పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, మడత పెట్టిన తువ్వాలు మీద నోటికి జానెడు దూరంలో ఉంచండి. మైకు సాధారణంగా ఫోన్ కింది అంచున ఉంటుంది, అది మీవైపు ఉండాలి. ప, బ, భ పలికినప్పుడు నోటి గాలి మైకుకి తగిలి "ఫట్" మంటుంది. ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాన్ గుడ్డ బిగించి మధ్యలో అడ్డుపెడితే ఆ బెడద తగ్గుతుంది.

పాటకీ పేరుండాలి

1902లో కలకత్తాలో గ్రామఫోన్ వాళ్ళు హోటల్లోనే యంత్రాలు అమర్చుకుని గౌహర్ జాన్ చేత పాడించారు. ఆవిడ పాట చివర "నా పేరు గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో చెప్పేవారు. రికార్డులు ముద్రపడేది జర్మనీలో కాబట్టి, పాట ఎవరిదో అక్కడివాళ్ళకి తెలియడం కోసమని చెబుతారు. కారణం ఏదైతేనేం, వందేళ్ళు దాటినా ఆ పేరు ఆవిడ గొంతులోనే వినిపిస్తోంది.

మీరూ అలాగే చెయ్యండి. పాడే ముందు మీ పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పి మొదలుపెట్టండి. ఫోన్‌లో ఒక కాపీ, కంప్యూటర్లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో కాపీ ఉంచండి. ఫోన్ పాడైతే పాట కూడా దానితోపాటే పోతుంది మరి.

మన అమ్మమ్మలు తిరగలి దగ్గరా, ఉయ్యాల దగ్గరా పాడుకున్న పాటల్లో ఎన్ని మిగిలాయో ఒక్కసారి లెక్కేసుకోండి. పల్లవి గుర్తుంటే చరణం గుర్తుండదు. వాటిని పాడిన గొంతులు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి. వీధి గదిలో పడక్కుర్చీలో ఉన్న అత్తగారు కావచ్చు, ఊళ్ళో ఉన్న పిన్ని కావచ్చు. పాటిల్లు సిద్ధం కాగానే ముందు వాళ్ళని కూర్చోబెట్టి పాడించండి. మీ పాట మర్నాడైనా పాడుకోవచ్చు.