ఆటల గంట వృథా కాదు

పదవ తరగతి రాగానే పిల్లల దినచర్యలో మొదట రద్దయ్యేది ఆటల గంట. దానిని లెక్కల మాస్టారికి అప్పగిస్తే తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఈ ధోరణి ఆరోగ్యానికి చేటు.

5 నుండి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 146 దేశాల విద్యార్థులను గురించి 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 11 నుండి 17 ఏళ్ల వారిలో నూటికి 81 మందికి అంత శ్రమ లేదు. బాలికలలో ఈ లోపం మరింత ఎక్కువ.

వ్యాయామం వలన శరీరానికి లాఘవం, కార్యసామర్థ్యం, జఠరాగ్ని దీప్తి కలుగుతాయని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పాడు. బలంలో సగం మేరకే చేయాలనీ, బాలురకు తగదనీ ఆయనే అన్నాడు. ఆ నిషేధం శక్తికి మించిన శ్రమకేగాని ఆటకు కాదని నా అభిప్రాయం. మన బడులు దీనిని తలక్రిందులు చేశాయి. ఆట మాన్పించి, ఆలస్యంగా వచ్చినవారిని మైదానం చుట్టూ పరుగెత్తిస్తున్నాయి, గుంజిళ్లు తీయిస్తున్నాయి. శ్రమను శిక్షగా ఎరిగిన బిడ్డ పెద్దయ్యాక వ్యాయామాన్ని ప్రేమించగలడా?

ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. స్థలంతోబాటు సమయమూ ఉండాలి. కనుక ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతోబాటు ఆటల గంటను గురించి కూడా అడగండి. సాయంవేళ అబ్బాయితో సమానంగా అమ్మాయినీ ఆడుకోనివ్వండి.