రెండు నిమిషాలు

స్కాట్లాండ్‌లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు చిన్న దీవులు. వాటి మధ్య విమానం నడుస్తుంది: దూరం సుమారు 2.7 కిలోమీటర్లు, ప్రయాణం రెండు నిమిషాలు. మధ్యలో సముద్రం, కాబట్టి వాళ్లకది అవసరం.

మా బిట్రగుంట దగ్గర దగదర్తిలో ఎయిర్‌పోర్ట్ అనగానే "గన్నవరం అరగంటే" అంటున్నారు మనోళ్లు. దూరం దాదాపు 220 కిలోమీటర్లు, ఏటీఆర్ వేగం గంటకి 500. భాగహారం కరెక్టే. గంట ముందు చెకిన్, దిగాక బెజవాడకి ఇంకో 20 కిలోమీటర్లు ఎవరు కలుపుతారబ్బా?

ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరు మోగిన రైల్వే ఊరిది. ఇవాళ చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండానే పోతాయి. నన్నడిగితే, విమానం సంగతి తర్వాత, ముందు వాటికి ఇక్కడ రెండు నిమిషాల హాల్టు ఇప్పించండి.