సంపాదకుని మాట: పక్క బెంచీ జ్ఞాపకం

ఈ సంచిక దమ్మపేట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలది.

ఈ నేల నిజాం పాలనలో వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ రోజుల్లో పెద్ద చదువంటే ఉర్దూలోనే. కొద్ది దూరంలో ఉన్న గోదావరి జిల్లాల పిల్లలు మాత్రం తెలుగు బడికి వెళ్లేవారు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో పంచాయతీరాజ్ చట్టంతో జిల్లా పరిషత్తులు వచ్చాయి. అప్పటినుంచి పల్లెటూరి హైస్కూలుకు 'జడ్పీ' ఇంటిపేరైంది. 2016 అక్టోబరు 11న మనం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాం. బోర్డు మీద జిల్లా పేరు మారింది, బడి మాత్రం మనదే.

ఇలాంటి బడి ఘనతను పదో తరగతి ఉత్తీర్ణత శాతంతోనే కొలిస్తే సగమే కొలిచినట్టు. ఇంట్లో కోయ మాట, పుస్తకంలో తెలుగు, 2022 నుంచి కింది తరగతుల్లో ఇంగ్లీషు మీడియం. ఇన్ని మెట్లెక్కి పరీక్ష హాలులో కూర్చున్న పిల్ల అప్పటికే ఒక పరీక్ష గెలిచింది. పామాయిల్ తోటల్లో గెలలు కోసే ఇంట్లో మొదటి సంతకం పెట్టింది ఎవరో వెతకండి, దారి ఏదో ఒక సర్కారు బడికే చేరుతుంది.

అడ్మిషన్ రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలే ఉంటాయి. మిగతా చరిత్ర మీ పెట్టెల్లో ఉంది. పాత గ్రూపు ఫొటో దొరికితే వెనక సంవత్సరం రాసి పంపండి. పేర్లు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, పక్క బెంచీ వాళ్లు చెబుతారు.